వేరే గ్రహం పెద్దాయనకి పళ్ళసెట్టు

ఆ వీధిలో అందరూ ఆమెను పళ్ళక్క అనే పిలిచేవారు. ఇంటి ముందుగదిలోనే ఆమె పని. నలుగురైదుగురు దంతవైద్యులు తమ దగ్గరికి వచ్చినవాళ్ళ నోటి అచ్చులు పంపేవారు. వాటిని బట్టి ఆమె కట్టుడు పళ్ళు చేసిచ్చేది. ముప్ఫై రెండేళ్ళుగా అదే వృత్తి. కొత్తలో తలుపు పక్కన "ఇచ్చట మంచి పళ్ళు లభించును" అని బోర్డు పెట్టించింది. వారం తిరక్కుండానే ఒకావిడ సంచీ పట్టుకొచ్చి డజను ఎంతని అడిగింది. పళ్ళక్క మర్యాదగా లోపలికి పిలిచి, పళ్ళెంలో ఆరబెట్టిన మూడు సెట్లు చూపించింది. ఆవిడ మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. బోర్డు ఆ రోజే తీసేసినా పేరు మాత్రం అతుక్కుపోయింది.

గదిలో ఒక పొడవాటి బల్ల, మైనం కరిగించే చిన్న దీపం, పాలిష్ పట్టే మోటారు ఉండేవి. గోడ పొడుగునా అరల్లో ప్లాస్టర్ అచ్చులు, ఒక్కోదాని మీద పెన్సిలుతో ఒక నంబరు. "ఊళ్ళో సగం నోళ్ళు నా దగ్గరే ఉన్నాయి. నాతో ఎవరు గొడవ పెట్టుకుంటారు?" అని నవ్వేది.

ఆ వృత్తిలో ఒక చిక్కుంది. పని బాగా కుదిరిందంటే అది ఎవరి కంటా పడకూడదు. పెళ్ళిలో ఎవరో పెద్దమనిషి పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వులో పైవరస తన చేతి పనేనని ఆమెకు తెలిసిపోయేది. పక్కనున్న భర్త చెవిలో కూడా ఊదేది కాదు. మనసులోనే కాసేపు మురిసిపోయి, వడ్డన ఎంతవరకూ వచ్చిందో చూసుకునేది.

ఇంట్లో భర్త, అత్తగారు ఉండేవారు. భర్త సిటీ బస్సు డ్రైవరు. అత్తగారు బళ్ళో ముప్ఫై ఆరేళ్ళు భాష నేర్పిన టీచరమ్మ. చివరి పన్ను కూడా పోయాక, శ, ష, స మూడూ ఒకటే అయిపోయాయని ఆవిడ నెలరోజులు నోరు విప్పలేదు. కోడలు సెట్టు చేసిచ్చింది. అత్తగారు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "శాసనసభ విశేషాలు" అని పలికి, తీసి చేతిలో పెట్టింది.

"తినడానికి బాగానే ఉన్నాయమ్మాయ్. మాట్లాడ్డానికి కాదు."

రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోసారి శాసనసభలో మూడు అక్షరాలూ ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. అత్తగారు సెట్టు తీయకుండా అలాగే లేచి, ఎదురింటావిడతో రెండు గంటలు మాట్లాడి వచ్చింది.

ఒక శనివారం పొద్దున ఒక మనిషి ప్లాస్టిక్ డబ్బా చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వేళ్ళ సందుల్లో రబ్బరు ఎండి పొలుసులు కట్టి ఉంది. సినిమాలో మేకప్ మేస్త్రీనని చెప్పుకున్నాడు. వేరే గ్రహంలో జరిగే కథట. అక్కడివాళ్ళ మొహాలు, చేతులు, తోళ్ళు అన్నీ ఆయన మనుషులే రబ్బరుతో పోస్తున్నారు. అంతా బాగానే వచ్చింది గాని పళ్ళ దగ్గరే పరువు పోయిందన్నాడు. డబ్బా మూత తీస్తే లోపల సూదుల్లాంటి తెల్లటి కోరలు, బజారులో దొరికే రకం.

"నిన్న డైలాగు మధ్యలో ఊడొచ్చి హీరోయిన్ ఒళ్ళో పడ్డాయమ్మా. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. మా పెద్దాయన మాత్రం మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. ఒక డాక్టరుగారు మీ పేరు చెప్పారు."

"నేను మనుషులకే చేశానండీ ఇన్నాళ్ళూ."

"ఈయన మనిషి కాదు. మూడొందల ఏళ్ళ ముసలాయన. ఆ గ్రహానికి పెద్ద."

"మూడొందల ఏళ్ళంటే ఇంకా సొంత పళ్ళేనా?" అని అడిగింది పళ్ళక్క. మేస్త్రీ మొదటిసారి నవ్వాడు.

మధ్యాహ్నం ఆమె ఆయన వెంట షూటింగ్ చోటికి వెళ్ళింది. అదొక పెద్ద రేకుల షెడ్డు. లోపల అడుగుపెట్టిన మరుక్షణమే ఆమెకు అక్కడ సొంత చుట్టాలింట్లో ఉన్నట్టనిపించింది. ఎవరి చేతిలో చూసినా పనిముట్టే. ఒకతను థర్మోకోల్ దిమ్మెను వేడి తీగతో కోసి గుహ గోడ చెక్కుతున్నాడు. ఒకావిడ వాషింగ్ మెషిన్ డ్రమ్ములకి నల్లరంగు కొట్టి అంతరిక్ష ఓడ ఇంజను చేస్తోంది. ఓడ నడిపే బల్ల నిండా పాత టైపురైటర్ మీటలు పొదిగి ఉన్నాయి. ఒక మీట నొక్కి చూస్తే టక్కుమని లోపలికి దిగి, ఎర్రదీపం వెలిగింది. చిన్నపిల్లలా ఇంకో మూడు నొక్కింది.

దర్శకురాలికి ముప్ఫై అయిదు దాటి ఉండవు. చెవి వెనక పెన్సిలు, చేతిలో బొమ్మల పుస్తకం. అందులో గీసిన ముసలాయన నోటి నిండా కూడా ఆ సూది కోరలే.

"ఈయన ఏం తింటాడమ్మా?" అని అడిగింది పళ్ళక్క.

దర్శకురాలు తన బొమ్మ వైపు మళ్ళీ చూసుకుంది.

"నోరు చూస్తే ఏం తింటాడో తెలియాలి కదా. ఇవి మాంసం చీల్చే పళ్ళు. మీ గ్రహం మీద వేటాడ్డానికి ఏమన్నా ఉందా?"

"ఏమీ లేదు. రాళ్ళు, రాళ్ళ మీద ఉప్పు, నాచు. అంతే."

"అయితే గోక్కుని తినాలి. ఆ పెన్సిలు ఇలా ఇవ్వు."

నిలబడే గీసింది. ముందు నాలుగు పళ్ళు ఉలి మొనల్లా వెడల్పుగా. మూడొందల ఏళ్ళు రాయి గోకితే అంచు ఏటవాలుగా అరుగుతుంది. మనిషికి ఒక పక్క అలవాటుంటుంది కాబట్టి ఎడమ పక్క ఎక్కువ అరగాలి. ఒకదాని మూల ఎప్పుడో విరిగి, విరిగిన చోటు కూడా నునుపు తేలి ఉండాలి. తెలుపు ఎక్కడా పనికిరాదు, మొదట్లో ఉప్పునీటి పసుపు, చివర తేనెరంగు. దర్శకురాలు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, తన బొమ్మను పుస్తకంలోంచి చింపేసింది.

"కంప్యూటర్లో నోరు తర్వాత అతికిస్తామని గ్రాఫిక్స్ వాళ్ళు అంటున్నారక్కా. నాకు ఇష్టం లేదు. ఎదురుగా కూర్చున్న అమ్మాయికి ఆ నోరు నిజంగా కనపడాలి."

ముసలాయన వేషం వేసేది డెబ్బై దాటిన రంగస్థల నటుడు. మైకు లేని రోజుల్లో ఆఖరి వరుస దాకా మాట వినిపించినవాడు. పళ్ళక్క ఆయన నోట్లో ముద్దలాంటి మందు పెట్టి అచ్చు తీస్తుంటే, కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. తీశాక నోరు కడుక్కుని, "అమ్మా, నాకు ఇందులో ఉన్నది ఒక్కటే పెద్ద సీను. రెండు పేజీల మాటలు. ఆ మాటల కోసమే ఒప్పుకున్నాను" అన్నాడు. ఆయన చెప్పడమైతే చెప్పాడు గాని, ఆమె అప్పటికి పళ్ళ అరుగుదల ధ్యాసలో ఉంది. ఆ మాట బుర్రకెక్కలేదు.

తొమ్మిది రోజులు పట్టింది. ప్లాస్టర్ అచ్చు మీద మైనంతో పళ్ళు కట్టి, నిజంగానే ఉప్పుకాగితంతో ఎడమవైపు అరగదీసి, తర్వాత యాక్రిలిక్ పోసి ఉడికించి, రంగులు పొరలు పొరలుగా దించింది. షెడ్డులో మూత తీయగానే జనం మూగారు. థర్మోకోల్ కోసేవాడు తీగ ఆపేసి వచ్చాడు. నటుడు పెట్టుకుని అద్దంలో చూసుకుని, పెదవి కాస్త ఎత్తాడు. వెనక నిలబడ్డ ఒకమ్మాయి అసంకల్పితంగా ఒక అడుగు వెనక్కి వేసింది. పళ్ళక్కకి ఛాతీ పొంగింది. ముప్ఫై రెండేళ్ళలో తన పనిని ఇంతమంది ఒక్కసారిగా చూడటం అదే మొదలు.

అప్పుడు ఆయన డైలాగు అందుకున్నాడు. ఓడలో తమతో వచ్చెయ్యమన్న అమ్మాయితో గ్రహం పెద్ద చెప్పే మాట అది. "మా పాదాల కింద దుమ్ము కూడా మా తాతలే. వాళ్ళని వదిలి ఎక్కడికి పోతాం?" అనాలి.

"వా ఫాడాల కిండ డువ్వు కూడా వా ఠాఠలే" అని వినిపించింది.

ఎవరూ నవ్వలేదు. అదే ఇంకా ఘోరంగా ఉంది. ఆయన మళ్ళీ ప్రయత్నించాడు. నాలుక ఎంత తిప్పినా త ముందుకు రాలేదు. పెదవులు రెండూ కలవకపోతే మ ఎక్కణ్ణించి వస్తుంది?

"ఫరవాలేదు సార్, పళ్ళు మాత్రం అదిరిపోయాయి" అన్నాడు మేస్త్రీ తొందరగా. "మాటలు తర్వాత డబ్బింగులో చెప్పేద్దాం."

నటుడు సెట్టు తీసి, జేబురుమాలుతో తుడిచి, పళ్ళెంలో పెట్టాడు. ఆ పెట్టడం చూశాక పళ్ళక్కకి తల కొట్టేసినట్టయింది. తన ఇంట్లో మూడుసార్లు అలాగే, అదే శ్రద్ధతో, ఒక మనిషి పళ్ళు తీసి తన చేతిలో పెట్టింది. ఇప్పుడు చూడ్డానికి బాగున్నాయన్న మురిపెంలో తనే మర్చిపోయింది.

పళ్ళెం తనవైపు లాక్కుంది. "డబ్బింగు వద్దమ్మా. నాకు నాలుగు రోజులివ్వండి" అంది దర్శకురాలితో.

"సీను శుక్రవారమక్కా."

"శుక్రవారానికే ఇస్తాను. కాకపోతే ఈయన రోజూ మధ్యాహ్నం మా ఇంటికి రావాలి."

ఇంటికొచ్చి జరిగింది చెబితే అత్తగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా వింది. సెట్టును వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"మరీ ఇంత పొడుగు పళ్ళేమిటి అమ్మాయ్? పెదవులు ఎలా కలుస్తాయి?"

"ముసలాయన కదత్తయ్యా. వయసు కనపడాలని పొడుగు పెట్టాను."

"వయసొస్తే పళ్ళు పెరుగుతాయా? నావి రాలిపోయేముందు పొడుగైనట్టే కనిపించాయి. అవేం పెరగలేదు. చిగురు పైకి పోయింది."

పళ్ళక్క లేచి అరల దగ్గరికి వెళ్ళి, ముసలివాళ్ళ అచ్చులు ఒక్కొక్కటే దించి బల్ల మీద పెట్టింది. ప్రతి అచ్చులోనూ అదే ఉంది. పన్ను అంచు ఉన్నచోటే ఉంది, మొదలే పైదాకా బయటపడింది. ముప్ఫై రెండేళ్ళుగా రోజూ చేతిలో పట్టుకున్న సంగతిని, సినిమా అనేసరికి పక్కన పెట్టేసింది. నుదురు కొట్టుకుని, మైనం దీపం వెలిగించింది.

కొత్త సెట్టులో పళ్ళ అంచులు పైకి జరిగాయి. చిగురు అంతకంటే పైకి జరిగింది. చూసేవాడికి పళ్ళు మునుపటికన్నా పొడుగ్గా కనిపించాయి, నోటికి మాత్రం అడ్డం లేదు. అలా ప, బ, మ సంగతి తేలిపోయింది. ఇక మిగిలింది వెనక పక్క. అది ఏ కెమెరా చూడని చోటు.

మంగళవారం మధ్యాహ్నం నటుడు వచ్చాడు. గదిలో అత్తగారు అప్పటికే కుర్చీ వేయించుకుని, ఒళ్ళో డైలాగు కాగితాలు పెట్టుకుని కూర్చుంది.

"మా అత్తయ్య. బళ్ళో పంతులమ్మగా చేశారు" అని పరిచయం చేసింది పళ్ళక్క.

"నమస్కారం టీచరుగారూ."

"కూర్చోండి. ముందు త గుణింతం చెప్పండి."

ఎన్ని సన్మానాలు చూసినవాడో, ఒక్క క్షణం తబ్బిబ్బయ్యాడు. మరుక్షణం చేతులు ఒళ్ళో పెట్టుకుని అందుకున్నాడు. పళ్ళక్క సెట్టు లోపలి పక్కన పల్చగా తెల్లపొడి చల్లి పెట్టిచ్చేది. ఆయన ఒక్క అక్షరం పలికి వెంటనే తీసిచ్చేవాడు. నాలుక తగిలినచోట పొడి చెరిగి ఉండేది. త అన్నప్పుడు పంటి వెనక సన్నటి గీతలా చెరగాలి. ఈయనకి ఇంకా బాగా వెనక చెరుగుతోంది. అక్కడ దళసరి ఎక్కువై నాలుక వెనక్కి తగ్గిపోతోంది. గీకి పల్చన చేసింది. మళ్ళీ పొడి, మళ్ళీ త.

"ఇప్పుడు?" అని అడిగాడాయన.

"ఇప్పుడు థ లా ఉంది. గాలి పోతోంది" అంది అత్తగారు.

"నాకు బాగానే వినిపించిందే."

"మీకు బాగానే ఉంటుంది. నా క్లాసులో అందరికీ వాళ్ళ వాళ్ళ ఉచ్చారణ బాగానే ఉండేది."

ఆయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకి సెట్టు కదలలేదు. పళ్ళక్క అది కూడా గమనించి, కాగితం మీద ఒక టిక్కు పెట్టుకుంది.

బుధవారానికి త, ద కుదిరాయి. స మాత్రం మొండికేసింది. ఒకసారి ఈల వేసింది, ఒకసారి ష అయిపోయింది. పంటి వెనక అంగిట్లో సన్నటి ముడతలుంటాయి. పాత సెట్టులో ఆమె వాటిని నున్నగా వదిలేసింది. అత్తగారి నాలుగో సెట్టులో ఆ ముడతలు ఉన్నాయి, తనే పెట్టింది. ఆ రోజంతా కూర్చుని, వెంట్రుకంత మైనం తీగలతో వాటిని ఒక్కొక్కటే కట్టి, మళ్ళీ పోసింది. చేతులు పని చేస్తుంటే పక్క గదిలోంచి అత్తగారి గొంతు, నటుడి గొంతు వినిపిస్తూనే ఉన్నాయి. ఇద్దరూ పాఠం వదిలేసి, ఈకాలం వాళ్ళు ళ ని ల చేసి చంపేస్తున్నారని వాపోతున్నారు.

గురువారం అయిదింటికి ఆయన సెట్టు పెట్టుకుని, "శాసనసభ విశేషాలు" అన్నాడు, అడగకుండానే. అత్తగారు తలెత్తింది.

"ఇంకోసారి."

ఇంకోసారి అన్నాడు. అత్తగారు ఒళ్ళో కాగితాలు మడిచి, "కాఫీ పెట్టమ్మాయ్, ఆయనకి కూడా" అంది.

శుక్రవారం గుహ సెట్టులో పళ్ళక్కని మానిటర్ పక్కనే కూర్చోబెట్టారు. రబ్బరు మొహం తొడిగాక నటుణ్ణి ఆమె కూడా గుర్తుపట్టలేకపోయింది. రాయి లాంటి చర్మం, కనురెప్పల మీద ఉప్పు. ఎదురుగా అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుంది. కెమెరా తిరిగింది.

ఆయన అరిగిన పళ్ళు మెల్లగా బయటపడ్డాయి. ఎడమ పక్క అరుగుదల మీద దీపం జారింది. "మా పాదాల కింద దుమ్ము కూడా మా తాతలే" అన్నాడు. గొంతు ఎక్కువ ఎత్తలేదు. ఆ తాతలే అన్న మాట షెడ్డు అవతలి గోడ దాకా వెళ్ళి అక్కడ నిలబడింది. రెండు పేజీలూ ఒక్క బిగిన చెప్పాడు. మధ్యలో అమ్మాయి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కాగితంలో ఏడవమని లేదు.

కట్ చెప్పాల్సిన దర్శకురాలు చెప్పడం మర్చిపోయింది. మూలన సౌండ్ రికార్డు చేసే ఆయన చెవుల మీద పెట్టుకున్నవి తీసి మెళ్ళో వేసుకుని, "దీనికి డబ్బింగు చేస్తే నేను ఉద్యోగం మానేస్తాను" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే అన్నట్టు.

పళ్ళక్క చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇంత దగ్గరి షాటులో పళ్ళు ఊడతాయేమోనన్న భయం కాదది. మూడు వేల సెట్లు చేసి ఉంటుంది ఇప్పటిదాకా. ఆ మూడు వేల నోళ్ళూ ఎక్కడో మాట్లాడుతూనే ఉండి ఉంటాయి, ఫోనుల్లో, వంటిళ్ళల్లో, మనవలతో. వాటిలో ఒక్కటీ ఆమె కూర్చుని పూర్తిగా వినలేదు. ఇవాళ విన్నది. తను చేసేది పళ్ళు కాదని, మాటకు దారని ఆమెకు ముందూ తెలుసు. ఇవాళ తెలియడం వేరుగా ఉంది. కళ్ళు చెమ్మగిల్లితే కొంగుతో ఒత్తుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

నటుడు రబ్బరు మొహంతోనే ఆమె దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు. సెట్టు తీయలేదు.

"భోజనానికి తీస్తారా?" అని అడిగింది.

"టీచరుగారికి ఫోను చేశాక తీస్తాను" అన్నాడాయన.

సినిమా ఏడాదికి విడుదలైంది. ఆదివారం మధ్యాహ్నం ఆటకి ముగ్గురూ వెళ్ళారు. పేర్లు పడేటప్పుడు "దంత శిల్పం" అని వేసి, పక్కన ఆమె అసలు పేరు వేశారు. పళ్ళక్క అని తప్ప మరో పేరు వాడక ఎన్నాళ్ళయిందో, భర్తే ముందు గుర్తుపట్టి మోచేత్తో పొడిచాడు. ముసలాయన సీను వచ్చింది. అత్తగారు ముందుకు వంగి, ప్రతి అక్షరాన్నీ తూకం వేస్తున్నట్టు వింది. ఎక్కడా తల అడ్డంగా ఆడించలేదు.

సీను అయ్యాక వెనక వరుసలో ఒకతను పక్కవాడికి వివరిస్తున్నాడు. "ఆ పళ్ళున్నాయి చూశావా, మొత్తం కంప్యూటరే. మనిషికి అలాంటివి పెడితే మాట రాదు."

భర్త కుర్చీలో కదిలాడు. పళ్ళక్క ఆయన చెయ్యి పట్టి ఆపింది. అత్తగారిని ఆపేదెవరు? ఆవిడ కుర్చీలో సగం లేచి, వెనక్కి తిరిగి, బడిగంట కొట్టినంత స్పష్టంగా అంది:

"కంప్యూటరు కాదు నాయనా. అవి మా కోడలి పళ్ళు."

అతను బిత్తరపోయి, ఆ చీకట్లో కోడలి నోటి వైపు చూశాడు. పళ్ళక్క అతని వైపు తిరిగి, నోరారా నవ్వింది.